రేవు బొమ్మ గీసుకోనివ్వండి

రాష్ట్ర పర్యాటక, సాంస్కృతిక శాఖ మంత్రిగారికి,

నమస్కారం. విశాఖలో ఇరవై ఏళ్లుగా సిరాతో బొమ్మలు గీస్తున్నాను. బీచ్ రోడ్డు బొమ్మలు కాదండి, అవి గీసేవాళ్లు బోలెడుమంది. నాకు క్రేన్లు, మరబోట్లు, తుప్పు కావాలి.

పోయిన నెల ఒక ఆదివారం రేవు వైపు ఓ గేటు బయట, రోడ్డు పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. క్రేను సగం గీశానో లేదో సెక్యూరిటీ అబ్బాయి వచ్చాడు. "ఫొటోలు తీయకూడదు సార్." ఫొటో కాదు బాబూ, బొమ్మ అన్నాను. కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "బొమ్మైనా అంతే సార్, నన్ను తిడతారు" అన్నాడు. అతని తప్పేం లేదు. నేవీ ఉన్న ఊరు, భద్రత వదిలెయ్యమని నేననను. కానీ అనుమతి ఎవరినడగాలి? మూడు ఆఫీసులు తిరిగాను. ఒకచోట సినిమా షూటింగు ఫారం చేతిలో పెట్టారు!

రేవుకి సిరాయే సరి. క్రేను కమ్ములు, మోకులు, వలల కుప్పలు అన్నీ గీతలే. రంగులేస్తే మురిగ్గా కనిపించే బొగ్గుగుట్ట, సిరాలో నీళ్లు కలిపి ఒక్క పూత పూస్తే నిలబడుతుంది. తుప్పు మాత్రం చుక్కలు పెట్టాల్సిందే, అరచెయ్యంత తుప్పుకి ఓ పూట పడుతుంది. ఉప్పుగాలికి కాగితం చెమ్మగిల్లి గీత పాకిపోతే, ఒక్కోసారి అదే మంచులో డాల్ఫిన్స్ నోస్ కొండ అంచైపోతుంది.

1933లో 'జలదుర్గ' ఓడ వచ్చిన రేవిది. 1948లో నెహ్రూ 'జల ఉష' ఓడను నీళ్లలోకి దింపిన నౌకల యార్డూ ఇక్కడిదే. అది సింధియా కంపెనీ చేతుల్లోంచి ఎప్పుడో పోయినా, ఆ చోటుని జనం ఇప్పటికీ సింధియా అనే అంటారు. కురుసుర జలాంతర్గామిని ఒడ్డుకి తెచ్చి మ్యూజియం చేశారు, సంతోషం. పాత క్రేన్ల కోసం ఎవరొస్తారు? గ్యాస్ కట్టర్‌తో కోసి తుక్కు లారీ ఎక్కిస్తారు.

2023 నవంబరులో ఫిషింగ్ హార్బర్‌లో బోట్లు తగలబడ్డాయి కదా. ఒకదాన్ని అంతకు నెల ముందే గీశాను. ఆ బోటాయన మా ఇంటికొచ్చి బొమ్మ చూసి, "ముందు భాగాన రాసిన మా అమ్మాయి పేరు కనబడతాందేటండి?" అనడిగాడు. కనబడింది. జిరాక్సు తీసిచ్చాను.

నాలాంటి చిత్రకారుల్ని నెలకో ఆదివారం రేవులో గీసుకోనిస్తే చాలు. కార్డులు చూపిస్తాం, మీరు చూపిన చోటే కూర్చుంటాం, వెళ్లేటప్పుడు గీసినవి గేటు దగ్గర చూపించి వెళ్తాం. పోర్టు కేంద్రానిదని తెలుసు. అయినా మీరొక ఉత్తరం రాస్తే కదులుతుంది. వానలు మొదలైతే సిరా ఆరదు, ఈలోపే చూడండి.

ఇట్లు,
విశాఖ చిత్రకారుడు