బూట్ల సోలు మార్చడానికి ఇకపై 4 రోజులు కాదు, 9 రోజులు

ఏప్రిల్, మే నెలల్లో మేం సోలు మార్చి ఇచ్చిన ఫార్మల్ బూట్లలో కొన్ని ముక్కు దగ్గర నోరు తెరుచుకుని వెనక్కి వచ్చాయి. కడప ఎండ మీదకు తోసేయడం సులువే. కానీ విప్పి చూస్తే సగం తప్పు మాదేనని తేలింది. అందుకే పని పద్ధతి మార్చాం. దాంతో గడువూ పెరిగింది, కొన్ని రేట్లూ పెరిగాయి.

ఊడిన సోళ్లను వెనక్కి తిప్పితే గమ్మంతా తోలుకే అంటుకుని ఉంది. సోలు వైపు మాత్రం కడిగిన పళ్లెంలా నున్నగా ఉంది. అంటే గమ్ము తోలును పట్టుకుంది, సోలును పట్టుకోలేదు. అవన్నీ టీపీఆర్ సోళ్లు, అంటే వేడికి కరిగించి అచ్చుపోసే రబ్బరువి. తోలుకూ మామూలు రబ్బరుకూ వాడే పసుపు గమ్ము టీపీఆర్ మీద నిలవదు. దాన్ని ముందు గరుకు చేసి, గమ్ము పట్టేలా చేసే హాలోజన్ ప్రైమర్ అనే ద్రవం పూసి, అది పూర్తిగా ఆరాక పీయూ (పాలీయురేథేన్) గమ్ము వేయాలి. పెళ్లిళ్ల రద్దీలో మేం ప్రైమర్ తడి ఆరకముందే గమ్ము పూశాం.

పీవీసీ సోలుతో ఇంకో తంటా. పీవీసీని మెత్తగా ఉంచడానికి అందులో కలిపిన నూనెలాంటి పదార్థం మెల్లగా పైకి ఊరి, పసుపు గమ్మును నీరుగార్చేస్తుంది. ఇచ్చిన రోజు గట్టిగానే ఉంటుంది. కొన్ని వారాలు పోయాక చేత్తో లాగితే బంకలా సాగుతుంది. ఇక అద్దాలెత్తిన కారు మన ఎండలో నిలబడితే లోపల 60 డిగ్రీలు దాటడం కష్టమేం కాదు. సరిగా పట్టని గమ్ము ఆ వేడికి వదిలేస్తుంది.

ఇప్పుడు చేస్తున్నది ఇదీ. పాత గమ్మును పూర్తిగా గీకి, రెండు వైపులా గరుకు చేసి, దుమ్ము దులుపుతాం. గమ్ము ఒక పూత వేసి తోలు పీల్చుకోనిచ్చి, రెండో పూత వేసి 15, 20 నిమిషాలు ఆరనిస్తాం. వేలు పెడితే జిగురుగా ఉండాలి, వేలికి అంటకూడదు. అప్పుడు వేడి చూపించి ప్రెస్సులో నొక్కుతాం. ఆ తర్వాత 48 గంటలు ఎవరూ తొడగకూడదు. 9 రోజుల్లో ఇదొక ముక్క. "రోంత గమ్ము పూసి అతికించన్నా, సాయంత్రం పెండ్లి ఉంది" అని వస్తే ఇక చేయం. ఆ పనే మమ్మల్ని ఈ గొడవలో పడేసింది.

ఎక్కువ రోజులు పట్టేది వెల్ట్ బూట్లకు. వీటిలో పైతోలు చుట్టూ ఒక తోలు పట్టీ కుట్టి, సోలును ఆ పట్టీకి కుడతారు. సోలు కుట్టు తెంపితే పైతోలుకు దెబ్బ తగలదు. పట్టీ బాగున్నంత కాలం సోళ్లు మార్చుకుంటూ పోవచ్చు. విప్పాక లోపల కార్కు పొర చూస్తాం. మీ పాదం అచ్చు పడి, మడమ వైపు పొడిపొడిగా ఉంటుంది. దాన్ని తీసి కొత్తది నింపుతాం. నడుమ ఇనుప పట్టీ విరిగిందేమో కూడా చూస్తాం. నడిచేటప్పుడు అడుగడుక్కీ టిక్కుమని చప్పుడు వస్తుంటే చాలాసార్లు అదే కారణం. తర్వాత 5 మిల్లీమీటర్ల సోలు తోలు వేసి, మైనం పట్టించిన దారంతో కుడతాం.

ఇక్కడ మెషీను వాడటం లేదు. మెషీను సూది పాత రంధ్రాల పక్కనే కొత్తవి పొడుస్తుంది. ఒకటి రెండుసార్లకు పట్టీ తపాలా బిళ్ల అంచులా తయారై చిరుగుతుంది. ఆరెతో, అంటే తోలు పొడిచే పిడి సూదితో, పాత రంధ్రం వెతుక్కుంటూ, అంగుళానికి 7, 8 కుట్లు చేత్తో వేస్తే ఒక జతకు దాదాపు ఒక రోజు పడుతుంది. సోలు తోలు తమిళనాడులోని ఆంబూరు, వాణియంబాడి వైపు నుంచి తెప్పిస్తాం. పలచటి తోలు స్థానికంగా చవగ్గానే దొరుకుతుంది గానీ, తడిస్తే అంచు పువ్వులా విచ్చుకుంటుంది.

మీ బూట్లు వెల్ట్ రకమో కాదో అంచు మీద కనబడే కుట్టు చూసి నమ్మొద్దు. చాలా బూట్లకు అది అలంకారం, ప్లాస్టిక్ పట్టీలో అచ్చుపోసిన గీతలే. తిరగేసి సోలు అడుగున కూడా కుట్టు వరస ఉందా చూడండి. అయితే తోలు సోలులో కుట్టును గాడిలో దాచేస్తారు కాబట్టి కనబడకపోయినా తొందరపడొద్దు, తీసుకురండి, చూసి చెబుతాం.

పైతోలు విషయానికొస్తే, వంపు దగ్గర పడిన ముడతలు వేరు, పగుళ్లు వేరు. ముడతలకు తేమ, క్రీము పట్టిస్తే తగ్గుతాయి. పగిలితే లోపలి నార తెగినట్టే, ఏ క్రీమూ అతికించదు. 400, 600 నంబరు గరుకు కాగితంతో నునుపు చేసి, ఫిల్లరు నింపి, రంగు వేస్తాం. నాలుగడుగుల దూరం నుంచి తెలియదు, దగ్గరగా చూస్తే తెలుస్తుంది. కొత్తదిలా అవుతుందని మేం మాటివ్వం. స్పాంజి మూత ఉండే లిక్విడ్ పాలిష్ మాత్రం దయచేసి మానేయండి. అది తోలు మీద పొరలా గడ్డకట్టి, వంపు దగ్గర పెచ్చులు లేస్తుంది. ఆ పొర తీయడానికే మాకు అర పూట పోతుంది. డబ్బా పాలిష్, గుడ్డ, బ్రష్షు చాలు.

బీరువాలో 5, 6 ఏళ్లు దాచి ఒక్కసారి తొడగ్గానే సోలు అటుకుల్లా రాలిపోయిందని తెచ్చే బూట్లు పీయూ సోలువి. తొడక్కపోయినా గాలిలోని తేమకు పీయూ లోపలే విరిగిపోతుంది. దాన్ని అతికించడం ఎవరి తరమూ కాదు. పైతోలు బాగుంటే మొత్తం సోలు మారుస్తాం, లేదంటే డబ్బు వృథా చేయొద్దని చెప్పేస్తాం.

కొత్త రేట్లు: మడమ అడుగు రబ్బరు 250, ముందు సగానికి 2 మిల్లీమీటర్ల రబ్బరు 450, పూర్తి టీపీఆర్ సోలు 950, వెల్ట్ బూటుకు తోలు సోలు, కార్కు, మడమతో కలిపి 2,800. ఏప్రిల్, మేలో చేయించుకున్న వాటిలో ఊడినవి రసీదు లేకపోయినా ఉచితంగా చేస్తాం.

ఎప్పుడు తేవాలంటే, సోలు మధ్యలో బొటనవేలితో నొక్కండి. మగ్గిన మామిడిపండులా లోపలికి పోతే ఇక ఆగొద్దు. చిల్లు పడి నీళ్లు లోపలి అట్టదాకా వెళ్తే ఖర్చు రెట్టింపవుతుంది. మడమ రబ్బరు కూడా 2 మిల్లీమీటర్లు మిగిలి ఉండగానే తెస్తే 250తో పోతుంది. పై చెక్క దాకా అరిగితే మడమంతా కట్టాలి. అరిగింది ఒక కాలిదే అయినా రెండూ తెండి. ఒక్కదానికే కొత్త సోలు వేస్తే ఎత్తు తేడా వచ్చి నడక కుంటుతుంది.