పీటర్ గాబ్రియేల్ చేసిన పని మన సాంస్కృతిక శాఖలకు చేతకాదా?

సంపాదకులు గారికి,

రాక్ గాయకుల మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చే వ్యాసాలు వదలకుండా చదువుతాను. ఎవరి గురించి రాసినా కథ ఒకటే. కుర్రాడు బ్యాండ్ పెట్టాడు, పేరొచ్చింది, బయటికొచ్చాడు, సోలోగా ఇంకా పెద్ద హిట్ కొట్టాడు. పీటర్ గాబ్రియేల్ లాంటి మనిషిని కూడా అలా హిట్ల దగ్గరే వదిలేస్తే ఆయన గురించి సగమే చెప్పినట్టు. మిగతా సగం మన జానపద కళాకారులకు పనికొచ్చే సంగతి.

ఇంగ్లండ్‌లో బడి స్నేహితులతో కలిసి 1967లో జెనెసిస్ బ్యాండ్ మొదలుపెట్టారాయన. ఎర్ర గౌను వేసుకుని, నక్క తలకాయ తగిలించుకుని స్టేజీ ఎక్కి జనాన్ని బిత్తరపోయేలా చేసేవారు. బ్యాండ్ బాగా పుంజుకుంటున్న 1975లోనే బయటికి వచ్చేశారు. సోలోగా చేసిన మొదటి నాలుగు ఆల్బమ్‌లకూ తన పేరు తప్ప వేరే పేరు పెట్టలేదు (షాపులో ఏమని అడగాలో కొనేవాళ్లకే తెలియాలి). 1986లో ‘సో’ ఆల్బమ్‌తో ప్రపంచమంతా మోగిపోయారు. అందులోని ‘స్లెడ్జ్‌హామర్’ వీడియోకి మరుసటి ఏడాది ఎంటీవీ అవార్డులు తొమ్మిది వచ్చాయి.

నేను చెప్పదలుచుకున్నది ‘సో’కి నాలుగేళ్ల ముందు సంగతి. 1982 జూలైలో ఆయన, మరికొందరు కలిసి షెప్టన్ మాలెట్ అనే ఊళ్లో వోమాడ్ అనే సంగీతోత్సవం పెట్టారు. రకరకాల దేశాల సంగీతం, నృత్యం ఒకే చోట. ఆఫ్రికాలోని బురుండి నుంచి వచ్చిన డోలు కళాకారులు, అప్పటికి ఇంగ్లండ్‌లో పేరున్న రాక్ బ్యాండ్ ఎకో అండ్ ది బన్నీమెన్‌తో కలిసి వాయించారు. టికెట్లు మాత్రం అనుకున్నన్ని తెగలేదు. నష్టం భారీగా వచ్చింది. నిర్వాహకుల్లో జనానికి తెలిసిన ముఖం ఆయనదే కాబట్టి అప్పులవాళ్లు ఆయన మీదే పడ్డారు. అప్పుడు ఆదుకున్నది, ఏడేళ్ల కిందట వదిలేసి వచ్చిన జెనెసిస్ మిత్రులే. అక్టోబర్ 2న మిల్టన్ కీన్స్‌లో, కురుస్తున్న వానలో, అందరూ కలిసి ఒక్క కచేరీ చేసి ఆ డబ్బుతో గండం గట్టెక్కించారు. గాబ్రియేల్‌ని శవపేటికలో పెట్టి స్టేజీ మీదికి మోసుకొచ్చారట ఆ రోజు! అంత దెబ్బ తిన్నవాడు మళ్లీ ఆ జోలికి పోడనుకుంటాం. ఆయన వోమాడ్‌ని ఆపలేదు సరికదా, 1989లో రియల్ వరల్డ్ అనే రికార్డు కంపెనీ కూడా పెట్టారు. పాకిస్తాన్ ఖవ్వాలీ గాయకుడు నుస్రత్ ఫతే అలీ ఖాన్ పాటను పాశ్చాత్యుల ఇళ్లలోకి తీసుకెళ్లింది ఆ కంపెనీయే.

మా పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ రికార్డులు కూడా 1990ల్లో అదే కంపెనీ నుంచి వచ్చాయి. ‘రామ శ్రీరామ’ 1994లో, కెనడా గిటారిస్టు మైఖేల్ బ్రూక్‌తో చేసిన ‘డ్రీమ్’ ఆ మరుసటి ఏడాది. శ్రీనివాస్ 2014లో 45 ఏళ్లకే వెళ్లిపోయారు. ఆ రికార్డులు ఇప్పటికీ దొరుకుతున్నాయి, వింటున్నారు.

ఇక మన సంగతి. ఈమధ్య మా ప్రాంతంలో ఒక ఉత్సవానికి వెళ్లాను. బుర్రకథ దళానికి మధ్యాహ్నం మూడింటికి టైమిచ్చారు. షామియానా కింద ఖాళీ కుర్చీలు, వెనక సౌండువాళ్లు సాయంత్రం సినిమా పాటల కోసం ‘హలో, మైక్ టెస్టింగ్’ అంటూనే ఉన్నారు. కథకుడు రెండుసార్లు ఆగి వెనక్కి చూశాడు, వాళ్లు ఆపలేదు. డప్పు కళాకారులదైతే ఇంకా అన్యాయం. ముఖ్య అతిథి కారు దిగేచోట వాయించడంతో వాళ్ల పని అయిపోయింది. ఫ్లెక్సీలో నాయకుల ఫొటోలు వరసగా ఉన్నాయి, ఈ కళాకారుల్లో ఒక్కరి పేరూ లేదు.

డబ్బు లేక ఇలా జరుగుతోందంటే నేను నమ్మను. అదే స్టేజీ, అవే లైట్లు, అదే సాయంత్రం వాళ్లకీ ఓ ముప్పావుగంట ఇస్తే అదనంగా అయ్యే ఖర్చేమిటి? రెండు రాష్ట్రాల సాంస్కృతిక శాఖలూ ఒగ్గుకథ, జముకులకథ, బుర్రకథ చెప్పే పెద్దవాళ్లు ఉండగానే మంచి స్టూడియోలో రికార్డు చేయించాలి. హక్కులు వాళ్ల పేరునే ఉంచాలి. సినిమా పాటలతో బాగా సంపాదించిన మన సంగీత దర్శకులు, గాయకులు కూడా ఇందులో చెయ్యి వేయొచ్చు, ఎవరూ వద్దనరు. ముందుగా వచ్చే సంక్రాంతి ఉత్సవాల ఆహ్వాన పత్రికల్లో ‘జానపద కళారూపాలు’ అని ఒక్క లైనుతో సరిపెట్టకుండా, ఎవరు, ఏ ఊరు, ఎన్నింటికి అన్నది అచ్చు వేయించమని అధికారులను కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, పాలకొల్లు