అమ్మాయి అడిగిన మాటల గురించి

ప్రియమైన మాధవా,

నీ ఉత్తరం మొన్న అందింది. అమ్మాయి తెలుగు ఎం.ఏ.లో చేరిందన్న మాట చదివి, మా ఇంట్లో అందరికీ వినిపించేలా పైకి చదివాను. "యతి, ప్రాస, రూపకం, ధ్వని, రసం అంటూ పిల్ల కంగారు పడుతోంది, వాటి అర్థాలన్నీ ఒక కాగితం మీద రాసి పంపు" అని అడిగావు. ఆ కాగితం పంపడానికి నాకు మనసొప్పడం లేదు. మనం చదువుకునే రోజుల్లో నాకు అలంకారాలు చెప్పిన మాస్టారు ఒకరు లక్షణం ఒక వరుస, ఉదాహరణ ఒక వరుస రాయించేవారు. మార్కులకు లోటు లేకపోయింది గాని, కొత్త పద్యం చేతికిస్తే అందులో ఏం చూడాలో చాలా కాలం నాకు తెలియలేదు. కాబట్టి అమ్మాయికి చిన్నప్పటి నుంచీ నోటికి వచ్చిన వేమన పద్యాన్ని ఒకదాన్ని ముందు పెట్టుకుని, అక్కడి నుంచి మొదలుపెడతాను.

ఉప్పు కప్పురంబు నొక్క పోలికనుండు
చూడ చూడ రుచుల జాడ వేరు
పురుషులందు పుణ్యపురుషులు వేరయా
విశ్వదాభిరామ వినుర వేమ

ఇది ఆటవెలది అనే ఛందస్సు. మాత్ర అంటే హ్రస్వాక్షరం పలికేంత కాలం; ఒక మాత్ర అక్షరం లఘువు, రెండు మాత్రలది గురువు, ఇవి కలిసిన చిన్న గుంపు గణం. గణాల్లో కొన్నిటికి సూర్యగణాలని, కొన్నిటికి ఇంద్రగణాలని పేర్లు. మొదటి, మూడవ పాదాల్లో మూడు సూర్యగణాలూ రెండు ఇంద్రగణాలూ, రెండవ, నాలుగవ పాదాల్లో అయిదేసి సూర్యగణాలూ ఉంటాయి. నాలుగవ గణం మొదటి అక్షరం దగ్గర యతి, అంటే ఆ అక్షరానికి పాదం మొదటి అక్షరంతో మైత్రి (ధ్వనిలో పొందిక) ఉండాలి. ఇప్పుడు మొదటి పాదాన్ని వేలు పెట్టి చూడమను: ఉప్పు, కప్పు, రంబు, నొక్కపో, లికనుండు. ఉకారంతో మొదలైన పాదంలో నాలుగవ గణం "నొ" అని మొదలవుతోంది కదా, యతి తప్పిందని అనిపిస్తుంది. తప్పలేదు. ఆ నకారం "కప్పురంబును" అనే ముందు మాట చివరిది, యతి చూడవలసింది "ఒక్క"లోని ఒకారానికి. ఉ, ఊ, ఒ, ఓ ఒకదానితో ఒకటి యతికి చెల్లుతాయి. రెండవ పాదంలో "చూ"కు "జా" ఎదురైంది. చకార జకారాలకు మైత్రి ఉన్నా ఊకారానికీ ఆకారానికీ లేదు. అక్కడ కవి ప్రాసయతి వేశాడు, అంటే మొదటి అక్షరాల మైత్రికి బదులు రెండవ అక్షరాలను, "చూడ", "జాడ"లలోని డకారాలను, కలిపాడు. మూడవ పాదంలో పు, పు. నాలుగవ దానిలో వి, వి. నాలుగు పాదాలకే యతి ఇన్ని రూపాల్లో కనబడే పద్యాన్ని మనం అయిదో తరగతిలో ఒక్క ఊపిరిలో అప్పజెప్పేశాం!

ప్రాస దగ్గర పిల్లలు ఎక్కువగా పొరబడతారు, అందుకు వారిని తప్పుపట్టలేను. సినిమా పాటలు, నినాదాలు విని పెరిగిన చెవికి ప్రాస అంటే పాదం చివర కలిసే మాటలే. అది అంత్యప్రాస. పద్యంలో ఉత్త ప్రాస అంటే ప్రతి పాదంలోనూ రెండవ అక్షరం ఒకే హల్లు కావడం. పోతన గజేంద్రుడి చేత పలికించిన "ఎవ్వనిచే జనించు" పద్యాన్ని తీసుకుంటే, పాదాలు ఎవ్వ, యెవ్వ, బెవ్వ, డెవ్వ అని మొదలవుతాయి. నాలుగింటిలోనూ రెండవ అక్షరం "వ్వ". అది ఉత్పలమాల అనే వృత్తం కనుక ఈ నియమం తప్పనిసరి. ఆటవెలదికీ, తేటగీతికీ, సీసానికీ ఈ నిర్బంధం లేదు. ఈ తేడాను అమ్మాయి మొదటి వారంలోనే పట్టుకుంటే మంచిది.

అలంకారానికి మళ్లీ వేమన దగ్గరకే వస్తాను. నా దగ్గర చదివిన కుర్రాడు ఒకడు ఈ పద్యంలో "పోలిక" అన్న మాట చూసి, ఇది ఉపమాలంకారం అని ధైర్యంగా రాశాడు. అతను శ్రద్ధగానే చదివాడు, అందుకే అంత ఇష్టంగా ఆ తప్పును దిద్దాను. ఆ పోలిక ఉప్పుకూ కప్పురానికీ మధ్యది. కవి చెప్పదలచినది ఆ జంటకూ మనుషుల జంటకూ మధ్య ఉన్న సామ్యం, దానికి "వలె" గాని "లాగా" గాని పద్యంలో ఎక్కడా లేదు. ఉపమేయం (మనం పోల్చే వస్తువు), ఉపమానం (దేనితో పోలుస్తామో అది), సమానధర్మం (రెంటికీ ఉమ్మడి గుణం), ఉపమావాచకం (వలె, లాగా వంటి మాట) అనే నాలుగూ ఉంటే పూర్ణోపమ. ఇక్కడ రెండు వాక్యాలు బింబప్రతిబింబాల్లా ఎదురెదురుగా నిలబడ్డాయి, కనుక దృష్టాంతం. ఉపమేయానికీ ఉపమానానికీ భేదం లేదన్నట్టు చెబితే రూపకం: "సంసార సాగరం" అంటే సాగరం వంటి సంసారం అని కాక, సంసారమే సాగరం. అన్నట్టు, రూపకం అనే మాటకు నాటకం అనే అర్థం కూడా ఉంది. దశరూపకాలు అన్నప్పుడు అలంకారం గుర్తుకు వస్తే అమ్మాయి దారి తప్పుతుంది.

ధ్వనిని గురించి చెప్పాలంటే నాకు ఇంకొక ఉత్తరం కావాలి. తొమ్మిదవ శతాబ్దంలో కాశ్మీరంలో ఆనందవర్ధనుడు కావ్యానికి ఆత్మ ధ్వని, అంటే మాట నేరుగా చెప్పకుండా తోపించే అర్థం, అన్నాడు. ఆ మాటను పిల్లలు వల్లిస్తారు గాని చేతికి అందినట్టు ఉండదు. "పొద్దు గుంకింది" అన్న వాక్యాన్ని తీసుకో. ఇంటి పెద్దావిడ అంటే కోడలికి దీపం పెట్టమని వినబడుతుంది, పశువుల కాపరికి మందను ఇంటికి తోలమని, బడి నుంచి వచ్చి ఆడుకుంటున్న పిల్లవాడికి ఆట చాలించమని. వాక్యంలో ఉన్న మాటలు మాత్రం సూర్యుణ్ణి గురించినవే. సంస్కృత ఆలంకారికులు వాడిన ఉదాహరణ ఇదే, మన వాకిట్లోకి తెచ్చాను. మాట నేరుగా ఇచ్చే అర్థం అభిధ వలన. "గంగలో గొల్లపల్లె" అన్నప్పుడు నీటి మీద ఊరు ఉండదు కనుక గంగ ఒడ్డున అని తీసుకోవడం లక్షణ వలన. ఆ పల్లె ఎంత చల్లగా, పావనంగా ఉందో తోచడం వ్యంజన వలన. మూడింటినీ ఈ ఒక్క ఉదాహరణతోనే నేర్పవచ్చు.

రసం విషయంలో నా పట్టు ఒక్కటే. నాట్యశాస్త్రం రాసిన భరతుడు ఎనిమిది చెప్పాడు, శాంతాన్ని తరువాతి వారు తొమ్మిదవదిగా నిలిపారు. ఆ లెక్క కంటే, శోకం వేరు, కరుణం వేరు అన్న సంగతి అమ్మాయికి తెలియాలి. శోకం మనిషి మనసులో ఉండే స్థాయీభావం, అంటే నిలకడగా ఉండే భావం. విభావాలు (భావానికి కారణమైనవి), అనుభావాలు (దాన్ని బయటపెట్టే చేష్టలు), వ్యభిచారిభావాలు (వచ్చిపోయే చిన్న భావాలు) కలిసి దాన్ని ఆస్వాదించదగినదిగా చేసినప్పుడు కరుణరసం. అందుకే మీ నాన్నగారు పోయినప్పుడు మనం పడిన బాధను కరుణరసం అనరు, హరిశ్చంద్ర నాటకంలో కాటిసీను చూసి కళ్లు తుడుచుకుంటూ మళ్లీ మర్నాడు అదే నాటకానికి వెళ్లడానికి కారణమైన దాన్ని అంటారు. మనం అలా వెళ్లాం, నీకు గుర్తుండే ఉంటుంది.

ఇవన్నీ పాత కవిత్వానికే పనికివస్తాయని అమ్మాయి అనుకోకూడదు. గురజాడ యతిప్రాసలను పక్కన పెట్టి ముత్యాల సరం అనే ఛందస్సును కూర్చాడు గాని, లెక్కను వదలలేదు. "గుత్తు నాము త్యాల సరములు" అని విడదీసి చప్పట్లతో చదవమను: మూడు, నాలుగు, మూడు, నాలుగు మాత్రలు. వచన కవితకు ఈ కొలతలు వర్తించకపోయినా, కవి మాటను ఎక్కడ విరిచాడో, ఏ చిత్రాన్ని మళ్లీ మళ్లీ తెచ్చాడో చూడటం ఇదే అభ్యాసం నుంచి వస్తుంది.

అమ్మాయిని తనకు ఇష్టమైన పద్యం ఒకటి ఎంచుకుని, గురులఘువులు గుర్తించి, యతి స్థానాల కింద గీత గీసి, ఆ కాగితాన్ని నాకు పంపమను. పద్యం పేరు నాకు చెప్పనక్కరలేదు. తప్పులుంటే ఎర్ర సిరాతో కాదు, పెన్సిలుతోనే దిద్ది పంపుతాను. చెల్లెమ్మకు నా నమస్కారాలు, పిల్లకు ఆశీస్సులు.

ఇట్లు,
నీ ప్రియమిత్రుడు