స్లాబు పడకముందే ఇంటర్నెట్‌కి దారి వదలండి

సంపాదకులకు నమస్కారం.

మేము ఆమదాలవలసలో కిందా పైనా కలిపి ఇల్లు కట్టుకుని, గృహప్రవేశం చేసి ఏడాది దాటింది. నేను హైస్కూల్లో టీచర్ని, మావారు రిటైరయ్యారు. ఇల్లు మళ్లీ మళ్లీ కట్టుకోలేం కదా అని గుమ్మాల చెక్క దగ్గర నుంచి వంటగట్టు రాయి వరకు అన్నీ దగ్గరుండి చూసుకున్నాం. కరెంటు ప్లగ్గులు ఎక్కడెక్కడ కావాలో కాగితం మీద గీసి మరీ ఇచ్చాం. ఇంటర్నెట్ ఊసు మాత్రం ఎవరమూ ఎత్తలేదు. మా పెద్దాడు ఫోన్లో ఒకసారి గుర్తుచేస్తే ఎలక్ట్రీషియన్ని అడిగాను. "టీచరమ్మగారూ, ఇప్పుడంతా వైఫైయే కదండీ, మళ్లీ వైర్లెందుకు?" అన్నాడు. నాకూ నిజమే అనిపించి వదిలేశాను.

ఇదే మాట నమ్మి మన జిల్లాలో ఇంకా చాలామంది స్లాబులు పోయించేస్తున్నారు, అందుకే ఈ ఉత్తరం.

ఫైబర్ కనెక్షన్ ఇవ్వడానికి కుర్రాడు వచ్చిన రోజు, వైరు లోపలికి తేవడానికి ఇంట్లో ఎక్కడా దారి లేదు. కొత్త కిటికీ ఫ్రేముకి రంధ్రం చేసి, దోమల జాలీ కోసి తెచ్చాడు. కిటికీ రెక్క ఇప్పటికీ పూర్తిగా పడదు. ఫైబర్ అంటే లోపల సన్నటి గాజు పోగు, ఇంటర్నెట్ అందులో వెలుతురుగా వస్తుంది, ఆ పోగు గట్టిగా మడత పడితే వెలుతురు ముందుకు పోదు. రెక్క మధ్య నలిగి, ఇంట్లో వైఫై ఇచ్చే పెట్టె, అదే రూటర్, దాని మీద ఎర్ర లైటు వచ్చి, మూడుసార్లు మనిషిని పిలిపించాల్సి వచ్చింది. రూటరేమో హాల్లో ఓ మూల, టీవీ వెనకాల పడింది. పెద్దాడు ఇంటినుంచి పనిచేసేది మేడ మీద గదిలో. మధ్యలో ఇనప ఊచల స్లాబు, రెండు ఇటుక గోడలు. వైఫైలో వేగం ఎక్కువుండే 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ అక్కడికి అందనే అందదు, నిదానంగా ఉండే 2.4 గిగాహెర్ట్జ్ వస్తుంది గానీ మీటింగు మధ్యలో గొంతు తెగిపోతుంది. వాడు మెట్ల మీద కూర్చుని ఆఫీసువాళ్లతో మాట్లాడుతుంటే నాకు ప్రాణం ఉసూరుమనేది. వైఫై సిగ్నల్‌ని అందుకుని ఇంకాస్త ముందుకు పంపే రిపీటర్ కొన్నాం. చవకరకం రిపీటర్ రూటర్‌తోనూ ఫోన్‌తోనూ ఒకే రేడియో మీద మాట్లాడుతుంది, అందుకని వేగం సగానికి పడిపోతుంది. ఆ సంగతి కొన్నాక గానీ తెలియలేదు.

చివరికి గోడలకి కటింగ్ మిషన్ పెట్టించాం. ఆ దుమ్ము, ఆ పెచ్చులు, వేసి ఏడాది కాని రంగు... దాని గురించి రాయాలంటే ఇప్పటికీ మనసొప్పదు.

ఇంత అయ్యాక మా తమ్ముడు నరసన్నపేటలో ఇల్లు మొదలుపెట్టాడు. ఈసారి సెంట్రింగ్ కొట్టిన రోజు నుంచే నేను అక్కడున్నాను. రాడ్లు కట్టడం అయ్యాక, కాంక్రీటు పోసేలోపు ఒక్క పూట దొరుకుతుంది. కరెంటు పైపులతో పాటే ఇంటర్నెట్‌కి, టీవీకి విడిగా ఖాళీ పైపులు ఆ పూటే వేయించాం. కరెంటు వైరునీ ఇంటర్నెట్ వైరునీ ఒకే పైపులో ఎప్పుడూ పెట్టకూడదు. కరెంటు వల్ల ఇంటర్నెట్ సిగ్నల్ చెదురుతుందన్నది ఒక కారణమే, అంతకంటే ముఖ్యం, ఎప్పుడైనా కరెంటు వైరు తొడుగు దెబ్బతింటే ఆ కరెంటు నేరుగా కంప్యూటర్ దాకా వచ్చేస్తుంది. పక్కపక్కన వెళ్లే చోట ఓ అడుగు ఎడం ఉంచాం, దాటాల్సిన చోట అడ్డంగా దాటించాం. మలుపుల్లో ఒక్కసారిగా తిరిగే ఎల్బోలు వద్దని పొడుగు బెండ్లు వేయించాం, లేకపోతే తర్వాత వైరు లాగేటప్పుడు ఇరుక్కుంటుంది. ప్రతి పైపులో నైలాన్ తాడు వదిలి, కాంక్రీటు పాలు దిగకుండా కొసలకి టేపు చుట్టాం. పోత ముందు, పక్కన కొలత టేపు పెట్టి అన్నిటికీ ఫోటోలు తీశాం. రేపు ఫ్యాను హుక్కుకో, ఇంకో దానికో డ్రిల్ పెట్టేవాడికి ఆ ఫోటోలే ఆధారం.

పైపులన్నీ ఒకే చోటికి రావాలి. తమ్ముడింట్లో అది హాలు పక్కన మెట్ల కింద చిన్న అర. బయట స్తంభం వైపు నుంచి ఆ అరకి అంగుళం పైపు ఒకటి, డాబా మీద డిష్ నుంచి ఇంకొకటి, అక్కడి నుంచి ప్రతి గదికీ విడివిడిగా ఒక్కో పైపు. ఒక గదిలోంచి ఇంకో గదికి గొలుసులా వేస్తే ఎక్కడో ఒకచోట తెగినప్పుడు మిగతావన్నీ పోతాయి. అరలో ఇన్వర్టర్ ప్లగ్గు తప్పకుండా పెట్టించండి, రూటర్‌కి కావలసింది పది పదిహేను వాట్లే, కరెంటు పోయినా నెట్ ఉంటుంది. మేడ మీద హాలు సీలింగు మధ్యలో ఒక పాయింటు ఇచ్చాం. వైఫై పెట్టె అక్కడ పెట్టి కింద నుంచి వైరుతో కలిపితే పై గదులన్నిటికీ సిగ్నల్ సమంగా అందుతుంది. వైఫై ఉన్నా వైరు కావాలనేది ఇందుకే. టీవీ వెనక మాత్రం రెండంగుళాల పైపు వేయించాం, ముప్పావు అంగుళం పైపులో టీవీకి బొమ్మ, శబ్దం తెచ్చే హెచ్‌డీఎంఐ వైరు తల దూరదు.

వైరు కొనేటప్పుడు కాస్త జాగ్రత్త పడాలి. ఇంట్లో ఇంటర్నెట్‌కి వాడే వైరు రకం పేరు క్యాట్ 6. అలా డబ్బా మీద రాసి ఉన్నా లోపల అల్యూమినియం తీగకి రాగి పూత పూసినవి కూడా అమ్ముతున్నారు. మా ఇంట్లో గేటు దగ్గర కెమెరా రెండు నెలలకే ఆగిపోయింది, విప్పి చూస్తే తీగ కొస దగ్గర పుటుక్కున విరిగి ఉంది. ఆ కెమెరాకి కరెంటు కూడా అదే వైరులో వెళ్తుంది, అలాంటి చోట పూత తీగ అస్సలు పనికిరాదు. మంచి రాగి క్యాట్ 6 అయితే 100 మీటర్ల వరకు గిగాబిట్ వేగం ఇస్తుంది, దగ్గర దూరాల్లో 10 గిగాబిట్లు కూడా. మన ఇళ్లలో అంత పొడుగు ఎక్కడా ఉండదు. ఒక్క పదునైన బ్లేడుతో తీగ గీకి చూడండి, తెల్లగా కనిపిస్తే తిరిగి ఇచ్చేయండి.

గాలివానలు, ఉరుముల కాలం గురించి కూడా ఒక మాట. తిత్లీ తుపాను 2018 అక్టోబరులో పలాస పక్కన తీరం దాటినప్పుడు స్తంభాలు, వాటి మీది కేబుళ్లు ఎలా నేలకూలాయో మనవాళ్లకి చెప్పక్కర్లేదు. గాజు ఫైబర్‌లో కరెంటు పారదు గానీ డాబా మీద నుంచి దిగే డిష్ వైరూ, బయటి కెమెరా వైరూ రాగివి, పిడుగు పడితే ఆ కరెంటు వాటి వెంట ఇంట్లోకి రావచ్చు. డిష్ స్టాండుకి ఎర్తింగ్ ఇప్పించండి.

ఏ వైరు వేయాలో ఇప్పుడే తేలకపోయినా ఫర్వాలేదు, పైపు వేస్తే చాలు. మా పాత ఇంట్లో మొదట టెలిఫోను తీగ, తర్వాత కేబుల్ టీవీ వైరు, తర్వాత డిష్, ఆ తర్వాత ఫైబర్ వచ్చాయి. ప్రతిదానికీ గోడ మీద కొత్త మేకులు కొట్టాం. పైపుంటే పాతది లాగి కొత్తది తోసేవాళ్లం.

ఇవి పెద్ద ఊళ్ల ముచ్చట్లని అనుకోకండి. 2016 జాతీయ భవన నిర్మాణ నియమావళిలో సమాచార, కమ్యూనికేషన్ ఏర్పాట్లకి విడిగా ఒక అధ్యాయమే ఉంది. 2024 అక్టోబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ భవనాలకి డిజిటల్ కనెక్టివిటీ రేటింగ్ ఇచ్చే నిబంధనలు తెచ్చింది. కానీ మున్సిపాలిటీకో పంచాయతీకో ప్లాన్ గీసిచ్చే మన ఇంజినీర్లలో ఎంతమంది ఆ కాగితం మీద ఒక డేటా పైపు గీత గీస్తున్నారు? మాకు గీసిన ఆయన గీయలేదు, మేమూ అడగలేదు. ఇంటి ప్లాన్‌తో పాటు ఈ గీత కూడా ఉండాలని అధికారులు చెబితే చాలు, ఎవరికీ పెద్ద ఖర్చు కాదు. ఐటీఐల్లో ఎలక్ట్రీషియన్ చదివే పిల్లలకి క్యాట్ 6 కొసలు బిగించడం, ఫైబర్‌ని నలగకుండా తిప్పడం నేర్పిస్తే వాళ్లకి ఊళ్లోనే పని దొరుకుతుంది.

మన జిల్లాల్లో పిల్లలు హైదరాబాద్‌లో, బెంగళూరులో, గల్ఫ్‌లో ఉంటారు, పెద్దవాళ్లం ఇక్కడ ఉంటాం. మనవరాలి ముఖం తెర మీద ఆగి ఆగి కదులుతుంటే ఆ బాధ ఎలా ఉంటుందో నాకు తెలుసు.

మీ పత్రికలో ఇంటి పేజీకి టైల్స్, రంగులు, వాస్తు గురించి చాలా రాస్తున్నారు, సంతోషం. వానలు మొదలయ్యేలోపు స్లాబు వేసేయాలని ఇప్పుడు అందరూ హడావిడిగా ఉన్నారు. ఈ పైపుల సంగతి బొమ్మలతో సహా ఆలోపే ఒక్కసారి వేయండి.

ఇట్లు,
ఒక ఉపాధ్యాయిని,
ఆమదాలవలస, శ్రీకాకుళం జిల్లా