ఫిట్స్ మందులు: మగవారిని ఎవరూ అడగని సంగతి

సంపాదకుడు గారికి,

మూర్ఛవ్యాధి గురించి పత్రికల్లో వచ్చే వ్యాసాల్లో ఆడవాళ్ల కోసం ఒక పేరా తప్పక ఉంటుంది. గర్భం కావాలనుకుంటే ఏ మందు మార్చాలి, ఫోలిక్ యాసిడ్ ఎప్పటి నుంచి వేసుకోవాలి అని. అది ఉండాల్సిందే. మగవారికి చెప్పే జాగ్రత్తలు మాత్రం డ్రైవింగు, ఈత, నిద్ర, మద్యం దగ్గరే ఆగిపోతాయి. ఏళ్ల తరబడి ఫిట్స్ మాత్రలు మింగుతున్న నాబోటి వాళ్లకు చెప్పాల్సింది ఇంకా ఉంది.

కార్బమజెపిన్, ఫినైటోయిన్, ఫినోబార్బిటాల్ లాంటి పాత మందులు కాలేయంలోని ఎంజైముల జోరు పెంచుతాయి. దాంతో ఎస్‌హెచ్‌బీజీ అనే ప్రోటీన్ రక్తంలో ఎక్కువై మగ హార్మోను టెస్టోస్టిరాన్‌ను పట్టేసుకుంటుంది. అలా పట్టుబడిన హార్మోను ఒంటికి అక్కరకు రాదు. తాకట్టులో ఉన్న పొలం లాంటిది, కాగితం మీదే మనది. చిక్కంతా ఇక్కడే వస్తోంది. మామూలుగా రాసే పరీక్ష మొత్తం టెస్టోస్టిరాన్‌కే కాబట్టి రిపోర్టు నార్మల్ అనే వస్తుంది, మనిషికేమో కోరిక తగ్గి, నీరసం, అంగస్తంభన సమస్య. పొద్దున్నే రక్తం తీసి, ఎస్‌హెచ్‌బీజీ కూడా చూసి, విడిగా తిరిగే హార్మోను ఎంతో లెక్కకడితే గానీ సంగతి తేలదు.

వాల్‌ప్రోయేట్ అనే మరో ఫిట్స్ మందు దారి వేరు. అది ఆ ఎంజైములను పెంచదు గానీ కొందరిలో వీర్యకణాల సంఖ్యను, కదలికను తగ్గిస్తుంది. మోతాదు తగ్గించినా, మందు మార్చినా కొందరిలో మళ్లీ మెరుగుపడుతుందని తెలిస్తే, సంతానం కోసం తిరిగే జంటలకు ఎంత ఊరట! లామోట్రిజిన్, లెవెటిరాసెటమ్ అనే ఫిట్స్ మందులకు హార్మోన్లతో ఇంత పేచీ లేదు.

అలాగని తప్పంతా మాత్రలదే అనలేం. మెదడులో టెంపోరల్ భాగం నుంచి వచ్చే ఫిట్స్, హార్మోన్ల గ్రంథి పిట్యూటరీకి ఆజ్ఞలిచ్చే హైపోథాలమస్ అనే మెదడు భాగం లయను చెదరగొడతాయి. పెద్ద ఫిట్ వచ్చిన కాసేపటికే ప్రొలాక్టిన్ అనే పిట్యూటరీ హార్మోను పెరగడం డాక్టర్లకు ఎప్పటి నుంచో తెలుసు. దిగులు, ఆందోళన కూడా తమ వంతు చేస్తాయి.

బ్రిటన్ ఔషధ నియంత్రణ సంస్థ 2024 జనవరిలో, 55 ఏళ్లలోపు వారికి, మగవారైనా సరే, వాల్‌ప్రోయేట్ కొత్తగా మొదలుపెట్టాలంటే ఇద్దరు స్పెషలిస్టులు విడివిడిగా ఒప్పుకోవాలని నిబంధన పెట్టింది. అక్కడ మగవారి సంగతి నిబంధనల దాకా వెళ్లింది, మన వ్యాసాల్లోకి ఇంకా రాలేదు.

ఇది చదివి ఎవరూ మాత్రలు మానేయకండి. ఉన్నపళంగా ఆపితే ఆగకుండా ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. మార్పేదైనా న్యూరాలజిస్టు చేతి మీదుగానే జరగాలి. డాక్టర్లకు నా విన్నపం ఒక్కటే. ఈ విషయం మగవాడు తనంతట తాను నోరు విప్పి చెప్పడు, పక్కన భార్యో తల్లో కూర్చుని ఉంటే అసలే చెప్పడు. ఒక్క నిమిషం వాళ్లను బయట కూర్చోమని, మీరే అడగండి. మీరు కూడా మూర్ఛపై ఈసారి వేసే వ్యాసంలో న్యూరాలజిస్టుతో పాటు హార్మోన్ల డాక్టరు చేత కూడా నాలుగు మాటలు రాయించండి.

ఇట్లు,
ఒక పాఠకుడు