ఇనుము రాయితో ఫైబర్ బోటు అరగదీయకండి

ఎడిటర్ గారికి నమస్కారం.

వేట నిషేధం వచ్చిందంటే మా ఉప్పాడ ఒడ్డున వలల కన్నా గ్రైండర్ల చప్పుడే ఎక్కువ వినిపిస్తుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు, ఏడాదంతా వాయిదా వేసిన రిపేర్లన్నీ ఈ రెండు నెలల్లోనే. ఆ టైంలో పేపర్లలో నిషేధ భృతి గురించి రాస్తారు, డీజిల్ సబ్సిడీ గురించి రాస్తారు, మంచిదే, కానీ ఒడ్డు మీద బోటు ఎలా బాగుచేస్తున్నారు, దేనితో బాగుచేస్తున్నారు అని ఎవరూ రాయరు. నేను ఫైబర్ బోట్లకి ప్యాచ్‌లు వేసే మేస్త్రిని. ఈ ఉత్తరం గ్రైండింగ్ డిస్కుల గురించి. నవ్వుకోకండి, ఇది చిన్న విషయం కాదు.

ముందు నా తప్పు చెప్తాను. పని నేర్చుకున్న కొత్తలో ఒక బోటు అడుగున, ఒడ్డుకి లాగేటప్పుడు రాయి తగిలి జానెడు పగులు వచ్చింది. మా తీరం సంగతి తెలిసిందే, సముద్రం ఊళ్లోకి రాకుండా రాళ్లు పోశారు, ఆ రాళ్లే బోట్లకి గండం. నేను గ్రైండర్‌కి ఇనుము అరగదీసే రాయి ఉంటే అదే బిగించి, పగులు చుట్టూ అరగదీసి, మ్యాట్ (గాజు పోగుల గుడ్డ) వేసి, రెసిన్ (ఆరాక గట్టిపడే జిగురు) పూసి, పైన రంగు కొట్టి ఇచ్చేశాను. చూడ్డానికి అద్దంలా ఉంది. నెల తిరక్కుండానే బోటులోకి నీళ్లు వస్తున్నాయని తిరిగొచ్చారు. ఉలి మొన పెట్టి ఒక్క పోటు పొడిస్తే ప్యాచ్ మొత్తం పళ్లెం లేచినట్టు లేచొచ్చింది. దాని వెనక వైపు చూశాను. నున్నగా మెరుస్తోంది, బోటు తాలూకు ఒక్క గాజు పోగు కూడా దానికి అంటుకుని లేదు. అంటే అది ఏనాడూ అతుక్కోలేదన్నమాట, ఊరికే పైన కూర్చుంది. ఆ బోటు సముద్రంలో ఉండగా అది ఊడి ఉంటే ఏమయ్యేదో తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

తప్పు రెసిన్‌ది కాదు, మ్యాట్‌ది కాదు. డిస్కుది, దాన్ని బిగించిన నాది.

ఎందుకో చెప్తాను. ఇనుము రాయి ఇనుము కోసం చేసింది. ఇనుము మీద దాని పైనున్న గరుకు రవ్వలు మొద్దుబారి రాలిపోతూ, కింద నుంచి కొత్త రవ్వలు బయటికి వస్తూ పని చేస్తుంది. ఫైబర్ మీద పెడితే ఆ రాలడం జరగదు. వేడికి రెసిన్ మెత్తబడి రవ్వల మధ్య కూరుకుపోతుంది, రాయి ముఖం నల్లగా నున్నబడిపోతుంది, ఇక అది కొయ్యడం మానేసి రుద్దడం మొదలుపెడుతుంది. కొయ్యడం లేదు కదా అని మనం ఇంకా నొక్కుతాం, ఇంకా వేడెక్కుతుంది, కాలిన వాసన వస్తుంది. ఆ వాసన వచ్చిందంటే కింద ఉన్న రెసిన్ పాడైనట్టే. పైగా రాయి గట్టిది, వంగదు, అంచు తగిలిన చోటల్లా గాడి పడుతుంది. ఇంకో సంగతి, నిన్న ఇంజిన్ బ్రాకెట్ అరగదీసిన రాయినే ఇవాళ బోటుకి పెడితే ఆ ఇనుప పొడి ఫైబర్‌లో దిగబడి కొన్నాళ్లకి తెల్ల జెల్‌కోట్ (బోటు పైన ఉండే నున్నటి పూత) మీద తుప్పు చుక్కలు తేలతాయి.

మరి ఏది వాడాలి? నా లెక్కలో ఫైబర్‌కి మొదటి డిస్కు రబ్బరు ప్యాడ్ మీద బిగించే పల్చటి గరుకు డిస్కు, షాపుల్లో ఫైబర్ డిస్క్ అంటారు. ఇక్కడే పెద్ద తికమక. ఆ పేరులో ఫైబర్ అంటే డిస్కు వెనకున్న గట్టి అట్ట, మన బోటు ఫైబర్ కాదు. ఒకబ్బాయి షాపుకెళ్లి "ఫైబర్‌కి డిస్కు ఇవ్వండి" అంటే వాళ్లు 80 నంబరుది చేతిలో పెట్టారు, వీడు దాంతో బోటు అడుగంతా మధ్యాహ్నం దాకా గీకి "బాబాయ్, ఇది కొయ్యట్లేదేంటి" అని నా దగ్గరికొచ్చాడు. వాడి తప్పేం లేదు. నంబరు చిన్నదైతే గరుకు పెద్దది అని ఎవరూ చెప్పలేదు. పాత ఫైబర్ అరగదీసి ప్యాచ్‌కి చోటు చెయ్యాలంటే 24 గానీ 36 గానీ కావాలి. 80 అనేది రంగుకి, జెల్‌కోట్‌కి ముందు చదును చెయ్యడానికి. 120, 220 ఆపైన ఇక వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం) పని.

గరుకు రవ్వ దేనితో చేశారన్నది కూడా చూడాలి. గోధుమ రంగులో ఎక్కువగా దొరికేది అల్యూమినియం ఆక్సైడ్, ఇనుముకి, చెక్కకి మంచిది. నల్లగా తళుకు తళుకుమనేది సిలికాన్ కార్బైడ్, ఇది బాగా వాడి, కాస్త పెళుసు. రాయి, గాజు లాంటి వాటికి సరైనది, మన ఫైబర్‌లో ఉండేవి గాజు పోగులే కదా. నల్లది దొరికితే అదే తీసుకుంటాను, దొరక్కపోతే గోధుమ రంగు 36తో లాగిస్తాను, కాకపోతే తొందరగా మొద్దుబారుతుంది, ఇంకో రెండు ఎక్కువ పడతాయి. రవ్వలు ఒత్తుగా కాకుండా మధ్యలో సందులతో ఎడంగా ఉన్న డిస్కయితే రెసిన్ పొడి అంత త్వరగా పట్టదు. షాపులో వెలుతురుకి పెట్టి చూస్తే తెలిసిపోతుంది.

ఫ్లాప్ డిస్క్ వద్దా అని అడుగుతారు. వద్దనను. రేకులు రేకులుగా ఉంటుంది, చేతికి మెత్తగా ఉంటుంది, కొత్తవాడికి కూడా గాడి పడకుండా వస్తుంది. 40 నంబరు ఫ్లాప్ డిస్క్ మూలల్లో, బోటు లోపలి పక్కల దగ్గర నాకూ కావాలి. కానీ పెద్ద వెడల్పు మీద అది రెసిన్‌తో పూడుకుపోతుంది, పూడుకున్నాక అదీ రాయిలాగే రుద్దుతుంది. దాంతో చేసిన చోట ఎండ ఏటవాలుగా పడేటప్పుడు చూడండి, మచ్చలు మచ్చలుగా మెరుపు కనిపిస్తుంది. మెరుస్తున్న ప్రతి చోటా మీ ప్యాచ్ అతకదు. సరిగా అరగదీసిన ఫైబర్ మెరవదు, మజ్జిగ చుక్క ఎండినట్టు తెల్లగా పాలిపోయి ఉంటుంది, అరచెయ్యి దగ్గరగా పెడితే (రుద్దొద్దు, గుచ్చుకుంటుంది) సన్నని గాజు నూగు లేచి ఉన్నట్టు కనిపిస్తుంది. ఆ నూగులోకి రెసిన్ దిగితేనే పట్టు.

అరగదీసే ముందు ఇంకో పని ఉంది, దీన్ని నూటికి తొంభైమంది వదిలేస్తారు. పాత బోటు మీద మైనం ఉంటుంది. అచ్చులోంచి బోటు తియ్యడానికి పూసినది కొంత, ఆఖరి కోటు రెసిన్‌లో కలిపినది కొంత. దాని మీద నేరుగా గ్రైండర్ పెడితే ఆ మైనాన్ని మనమే వేడికి కరిగించి గరుకులోకి పూసినట్టవుతుంది. అందుకని ముందు మంచినీళ్లతో ఉప్పంతా కడగాలి, బాగా ఆరనివ్వాలి, తర్వాత శుభ్రమైన గుడ్డతో అసిటోన్ పెట్టి తుడవాలి, ఆ తర్వాతే డిస్కు. తడి విషయంలో తొందర పనికిరాదు. పగుల్లోంచి నీళ్లు తాగిన ఫైబర్ ఎండలో రెండు మూడు రోజులైనా ఉండాలి. నిషేధంలో రోజులకి కొదవేముంది, మే నెల ఎండకి అసలే కొదవ లేదు.

ఎంత వెడల్పు అరగదీయాలన్న దాని మీద బోటు యజమానులతో నాకు ఎప్పుడూ గొడవే. నీటి మట్టం కింద చిల్లయితే ఫైబర్ మందానికి పన్నెండు రెట్లు చుట్టూ ఏటవాలుగా తియ్యాలి. 6 మిల్లీమీటర్ల మందం ఉంటే 72 మిల్లీమీటర్లు, అంటే సుమారు మూడంగుళాలు, అన్ని వైపులా. నాలుగంగుళాల చిల్లు చివరికి పది అంగుళాలు దగ్గరగా అవుతుంది. "చిన్న చిల్లుని పెద్దది చేశావేంటయ్యా, డబ్బు కోసమా" అని ఒకాయన నన్ను ఒడ్డు మీద అందరి ముందూ అడిగేశాడు. ఏం చెప్పను, అరటి దవ్వ అడ్డంగా కోస్తే రెండు ముక్కలూ కలిసే చోటు రూపాయి బిళ్లంత, ఏటవాలుగా కోస్తే అరచెయ్యంత, జిగురు దేనికి బాగా పడుతుందో మీరే చెప్పండి అన్నాను. ఈ ఏటవాలు రాయితో రాదు. గట్టి రబ్బరు ప్యాడ్, 36 నంబరు డిస్కు, కొంచెం వంచి పట్టుకుని, ఒక చోట ఆపకుండా, గ్రైండర్ బరువు తప్ప మన బరువు వెయ్యకుండా లాగితే వస్తుంది. వంపు తిరిగిన చోట మెత్తటి ప్యాడ్ వేస్తే బోటు ఒంపుతో పాటు అదీ వంగుతుంది.

ఇక ప్రాణం మీదికొచ్చే విషయాలు. మన దగ్గర అందరికీ ఉన్నది నాలుగంగుళాల గ్రైండర్, నిమిషానికి సుమారు 11,000 చుట్లు తిరుగుతుంది. ఆ వేగంలో డిస్కు అంచు గంటకి 200 కిలోమీటర్ల పైన పోతున్నట్టు లెక్క. పెద్ద డిస్కయితే పని తొందరగా అవుతుందని గార్డు ఊడదీసి ఏడంగుళాలది బిగించే మహానుభావుల్ని చూశాను. ఆ డిస్కు మీద 8,500 చుట్లు అని అచ్చేసి ఉంటుంది, దాన్ని 11,000లో తిప్పితే అది పగలడానికి రాయి తగలక్కర్లేదు. అలాగే సన్నటి కటింగ్ వీల్‌ని పక్కకి పెట్టి అరగదీయడం. అది అంచుతో కొయ్యడానికే, పక్క నుంచి ఒత్తిడి పడితే ముక్కలైపోతుంది, ఆ ముక్కలు ఎటు పోతాయో చూసే టైం కూడా ఉండదు. కటింగ్ వీల్స్‌కీ, గ్రైండింగ్ రాళ్లకీ మధ్యలో ఉండే ఇనుప రింగు మీద నెల, సంవత్సరం కొట్టి ఉంటాయి, సాధారణంగా తయారైన మూడేళ్ల దాకానే వాడమని. మన ఒడ్డు షాపుల్లో డిస్కులు గుమ్మానికి దండల్లా వేలాడుతుంటాయి, ఉప్పు గాలికి, వానకి. తేదీ చూడకుండా కొనొద్దు, చెమ్మగా ఉన్నది అసలే ముట్టుకోవద్దు.

దుమ్ము గురించి చెప్తే వినేవాళ్లు తక్కువ, అయినా చెప్తాను. మొహానికి తువ్వాలు కట్టుకుంటే సరిపోదు, ఆ గాజు దుమ్ము తువ్వాలులోంచి సుబ్బరంగా లోపలికి పోతుంది. కనీసం ఎన్95 మాస్కు, కళ్లద్దాలు, పొడుగు చేతుల చొక్కా. 24, 36 నంబర్లతో మేలేంటంటే పొడి బరువుగా ఉండి చాలావరకు కాళ్ల దగ్గరే పడుతుంది, సన్న నంబరుతో గీకితే పొగలా లేచి తేలుతుంది. సరైన డిస్కు ఊపిరితిత్తులకి కూడా కొంత మంచిదన్నమాట. పని అయ్యాక ఒంటి దురదకి వేడినీళ్లు పోసుకోకండి, చన్నీళ్లే. ఆ బట్టలు ఇంట్లో బట్టలతో కలిపి నానబెట్టకండి, మా ఆవిడ చేత నేను తిన్న తిట్లు మీకెందుకు. ముఖ్యంగా, గ్రైండర్ ఆన్ చేసే ముందు గాలి ఎటు వీస్తోందో చూడండి. పక్కనే ఆడవాళ్లు ఇసక మీద వలలు పరిచి చేపలు ఎండబెడుతుంటారు. ఆ చేప మీద గాజు పొడి పడితే అది ఏ ఊరి కూరలోకి వెళ్తుందో ఎవరికి తెలుసు.

2004 సునామీ తర్వాత మన తీరంలో కొయ్య తెప్పల చోట ఫైబర్ బోట్లు బాగా వచ్చాయి. కొయ్య తెప్ప బాగుచెయ్యడం మా తాతలు చేత్తో నేర్పారు. ఫైబర్ బోటు ఎవరూ నేర్పకుండా వచ్చింది, పాడుచేసుకుంటూ నేర్చుకున్నాం. అందుకే అడుగుతున్నాను. కాకినాడలో రాష్ట్ర మత్స్య సాంకేతిక సంస్థ ఉంది, విశాఖలో కేంద్ర మత్స్య శిక్షణ సంస్థ సిఫ్‌నెట్ యూనిట్ ఉంది. నిషేధం రోజుల్లో ఊరికి ఒక్క పూట ఒడ్డు మీదికొచ్చి, ఒక పాత బోటు ముక్క మీద నాలుగు రకాల డిస్కులు పెట్టి, మ్యాట్ అతికించి, మర్నాడు పీకి చూపిస్తే చాలు. క్లాసు అక్కర్లేదు, ప్రొజెక్టర్ అక్కర్లేదు. నిషేధ భృతి 20 వేలు చేతికొచ్చే టైంలోనే ఇది పెడితే అందులో ఓ నాలుగు వందలు సరైన డిస్కులకి పెట్టడానికి ఎవరూ వెనకాడరు. ఒడ్డు మీద షాపులవాళ్లకి కూడా ఒక మాట, 36 నంబరు డిస్కులు, రబ్బరు ప్యాడ్లు తెచ్చి పెట్టండి, అడిగేవాళ్లు లేరని కాదు, అడగాలని తెలియక రాయి కొనుక్కుపోతున్నారు.

మీరు జిల్లా పేజీలో ఓ అరపేజీ ఇస్తే డిస్కుల ఫొటోలు నేనే పంపిస్తాను. ఆ రోజు ఊడొచ్చిన ప్యాచ్ కూడా పారెయ్యలేదు, నా షెడ్డులో మేకుకి తగిలించి ఉంది, పని నేర్చుకోడానికి వచ్చిన ప్రతి కుర్రాడి చేతికీ ముందు అదే ఇచ్చి వెనక్కి తిప్పి చూడమంటాను. మీ విలేకరి గారు ఇటు వస్తే చూపిస్తాను.

ఇట్లు,
ఒక ఫైబర్ బోటు మేస్త్రి,
ఉప్పాడ, కాకినాడ జిల్లా