కేబుల్ తీసేశాక, ఏడీఎస్‌ఎల్ వచ్చేదాకా

సంపాదకులకు నమస్కారం.

ఇంట్లో కేబుల్ ఇంటర్నెట్ తీయించి, టెలిఫోన్ తీగ మీద వచ్చే ఏడీఎస్‌ఎల్ పెట్టించుకున్నానని చెబితే విన్నవాళ్లంతా నన్ను జాలిగా చూశారు. లోకం ముందుకు పోతుంటే నేను వెనక్కి నడిచానని వాళ్ల ఉద్దేశం. ఆ సంగతి తర్వాత చెబుతాను. ఈ ఉత్తరం అసలు ఆ రెంటికీ మధ్య గడిచిన తొమ్మిది రోజుల గురించి. పాత కంపెనీ తీసేసింది, కొత్త కంపెనీ ఇంకా ఇవ్వలేదు. ఆ తొమ్మిది రోజులూ నా గోడు వినాల్సింది ఎవరో ఇద్దరిలో ఒక్కరూ చెప్పలేదు.

ముందు ఎందుకు మారానో చెప్పాలి. నా కేబుల్ ప్లాన్ మీద 100 ఎంబీపీఎస్ అని రాసి ఉంది. పొద్దున ఆరింటికి చూస్తే దాదాపు అంతా వచ్చేది. రాత్రి ఎనిమిదింటికి చూస్తే ఆరో ఏడో. వీడియో కాల్‌లో అవతలి మనిషి సగం తెరిచిన నోటితో అలాగే ఆగిపోయేవాడు. ఫిర్యాదు చేసినప్పుడల్లా మోడెమ్ ఆపి మళ్లీ వేయమనేవారు. మోడెమ్ ఏం చేస్తుంది పాపం! కేబుల్ టీవీ కోసం వేసిన ఆ తీగ వీధి మొత్తానికీ ఉమ్మడి. ఒక నోడ్ (వీధి తీగలన్నీ వచ్చి కలిసే పెట్టె) కింద ఎన్ని ఇళ్లుంటే అన్ని ఇళ్లూ ఒకే దారిని పంచుకోవాలి. కేబుల్ ఇంటర్నెట్‌కు ప్రమాణమైన డాక్సిస్ 1997లో మొదలైనప్పటి నుంచీ పద్ధతి ఇదే. తర్వాత వచ్చిన రూపాలు దారిని బాగా వెడల్పు చేశాయి గానీ పంచుకోవడం తప్పలేదు. కంపెనీ తలచుకుంటే నోడ్‌ను చీల్చి ఒక్కో దాని కింద ఇళ్లు తగ్గించవచ్చు. దానికి డబ్బు పెట్టాలి. అదే నోడ్ కింద ఇంకో పది ఇళ్లకు కనెక్షన్ అమ్మితే డబ్బు ఎదురొస్తుంది. ఏది జరిగిందో చెప్పనక్కర్లేదు.

టెలిఫోన్ తీగ అలా కాదు. మా ఇంటి నుంచి ఎక్స్ఛేంజ్ దాకా ఆ రాగి తీగల జత మా ఒక్కరిదే. ఫోన్‌లో మాట నాలుగు కిలోహెర్ట్జ్ పౌనఃపున్యం లోపే ఇమిడిపోతుంది కాబట్టి, దాని పైన ఖాళీగా పడి ఉన్న మేర అంతా ఏడీఎస్‌ఎల్ వాడుకుంటుంది. మొదట 1.1 మెగాహెర్ట్జ్ దాకా, 2003 నాటి ఏడీఎస్‌ఎల్2+ వచ్చాక 2.2 మెగాహెర్ట్జ్ దాకా. ఎక్స్ఛేంజ్ దాటాక ఇదీ ఉమ్మడి దారే, అక్కడ కంపెనీ పిసినారితనం చూపిస్తే ఇక్కడా అదే గతి. కానీ ఎదురింటివాళ్లు సినిమా పెట్టుకున్నారని నా తీగ మీద రద్దీ పెరగదు.

లోటు లేదని కాదు. ఏడీఎస్‌ఎల్2+కు ప్రకటనల్లో 24 ఎంబీపీఎస్ అంటారు. ఆ అంకె ఎక్స్ఛేంజ్ పక్కనే ఉన్న ఇళ్లకు. తీగ పొడవు పెరిగేకొద్దీ పై పౌనఃపున్యాలు ముందు చచ్చిపోతాయి. మా ఇంటికి తీగ దూరం సుమారు రెండున్నర కిలోమీటర్లు, లైన్ 11 ఎంబీపీఎస్ మీద నిలిచింది. స్పీడ్ టెస్ట్ పెడితే అదీ తొమ్మిదిన్నరే. ఎందుకంటే ఈ లైన్ మీద డేటా 53 బైట్ల చిన్న చిన్న పొట్లాలుగా వెళ్తుంది, ఒక్కో దాంట్లో ఐదు బైట్లు చిరునామాకే పోతాయి. ఇక అప్‌లోడ్ ఒక ఎంబీపీఎస్ కూడా దాటదు. పెళ్లి ఫోటోలు పంపాలంటే రాత్రి పడుకునే ముందు మొదలుపెట్టాలి. అయినా ఆ తొమ్మిదిన్నర పొద్దునా అంతే, రాత్రీ అంతే. నాకు కావలసింది అదే.

ఇవన్నీ నేను లైన్ వచ్చాక తెలుసుకున్నవి. కొత్త కంపెనీ కాగితం మీద రాసింది మాత్రం '24 ఎంబీపీఎస్ వరకు'. ఆ 'వరకు' అనే మాటకు అడ్డూ అదుపూ లేదు, సున్నా కూడా 24 వరకులోనే వస్తుంది. నిజానికి తీగ దూరం, దాని మీద సంకేతం ఎంత తరుగుతుందన్నది ఎక్స్ఛేంజ్‌లో పరీక్షించి చూడగలిగేవే, సంతకానికి ముందే ఒక అంచనా చెప్పవచ్చు. యూరోపియన్ యూనియన్‌లో 2015లో వచ్చిన నిబంధన ప్రకారం ఇంటి ఇంటర్నెట్ ఒప్పందంలో కనీస వేగం, మామూలుగా అందే వేగం, గరిష్ఠ వేగం, ప్రకటించిన వేగం నాలుగూ విడివిడిగా రాయాలి. కేబుల్‌వాళ్లు కూడా ఆ రెండో అంకె నిజాయితీగా రాయాల్సివస్తే రాత్రి ఎనిమిదింటి సంగతి అక్కడే బయటపడుతుంది.

ఇప్పుడు ఆ తొమ్మిది రోజులు. ఏడీఎస్‌ఎల్ కంపెనీ ఒక తేదీ చెప్పింది. ఆ తేదీ నుంచి ఆపేయమని కేబుల్ కంపెనీకి ఫోన్ చేశాను. వాళ్లు మర్నాడే ఆపేశారు. బిల్లు మాత్రం 30 రోజుల నోటీసు నిబంధన ఉందంటూ నెలంతటికీ వేశారు. ఇవతల ఏడీఎస్‌ఎల్ తేదీ రెండుసార్లు జరిగింది. తీగ జతలో ఎక్కడో తడి చేరిందట, లైన్‌మన్ వచ్చి జాయింట్ విప్పి మళ్లీ కట్టాలట. అందులో తప్పు పట్టను, పాత తీగ అన్నాక జాయింట్లు పాడవుతాయి. అయితే కేబుల్ మళ్లీ కలపమని బతిమాలితే కొత్త కనెక్షన్‌గా దరఖాస్తు పెట్టుకోమన్నారు. అడకత్తెరలో పోకచెక్క అయ్యాను.

ఇక్కడ ఒక్క విషయం మీ పాఠకులు, నియంత్రణ సంస్థవారు గమనించాలి. ఒకే టెలిఫోన్ జత మీద ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి మారేటప్పుడు కాసేపు ఆగక తప్పదు. ఎక్స్ఛేంజ్‌లో జతను ఒకచోట నుంచి ఊడదీసి ఇంకోచోట తగిలించాలి. కేబుల్ నుంచి ఏడీఎస్‌ఎల్‌కు వచ్చేటప్పుడు ఆ అవసరమే లేదు. రెండు తీగలూ వేరు, మోడెమ్‌లు వేరు, రెండూ ఇంట్లోకి వేర్వేరు కంతల్లోంచి వస్తాయి. కొత్తది వెలిగి, నాలుగు రోజులు బాగా నడిచాక పాతది ఆపితే ఒక్క క్షణం కూడా నెట్ పోదు. సాంకేతికంగా అన్నిటికన్నా తేలికైన మార్పిడి ఇది. దీన్ని కష్టం చేసింది కాగితాలు. ఒకే జత మీద మారితే రెండు కంపెనీలూ ఎంతో కొంత మాట్లాడుకోక తప్పదు. తీగే మారిపోతే వాళ్లకు ఒకరితో ఒకరికి పని లేదు, మధ్యవర్తి పని ఇంటివాడి నెత్తిన పడుతుంది.

ఇలాగే ఉండాలని రాసిపెట్టి లేదు. యూరోపియన్ యూనియన్ 2018 కమ్యూనికేషన్ల చట్టం ఈ పూచీని కొత్త కంపెనీ మీద పెట్టింది. కొత్త సేవ మొదలయ్యేదాకా పాత కంపెనీ అవే షరతుల మీద తన సేవ కొనసాగించాలి, మధ్యలో ఆగినా ఒక పనిదినం మించకూడదు. బ్రిటన్‌లో చాలాకాలం నా కథే నడిచింది. ఒకే రాగి నెట్‌వర్క్ మీద మారితే కొత్త కంపెనీయే చూసుకునేది, కేబుల్‌కు గానీ కేబుల్ నుంచి గానీ మారితే ఇంటివాడే రెండువైపులా ఫోన్లు చేసుకోవాలి. 2024 సెప్టెంబర్ 12 నుంచి అక్కడ ఆ తేడా తీసేశారు. ఏ తీగ నుంచి ఏ తీగకు మారినా కొత్త కంపెనీకి ఒక్క మాట చెబితే చాలు. పాత కంపెనీతో మాట్లాడే బాధ్యత వాళ్లదే. మొబైల్ నంబరు మారకుండా కంపెనీ మార్చుకోవడం ఎన్నో దేశాల్లో అలవాటైపోయింది, ఇంటి కనెక్షన్‌కు అలాంటి ఏర్పాటు ప్రతిచోటా ఎందుకు ఉండకూడదు?

రాగి తీగలకే కాలం చెల్లుతోంది, ఇప్పుడీ గొడవెందుకు అని కొందరంటారు. నిజమే, ఫైబర్ వచ్చినచోట ఏడీఎస్‌ఎల్ వైపు చూడాల్సిన పనే లేదు, నేనూ చూడను. ఫైబర్ రాని ఇళ్లకు ఇంకా ఈ రెండే దిక్కు. రేపు ఫైబర్ వచ్చినా అదీ వేరే తీగే కదా, అప్పుడూ ఈ తొమ్మిది రోజులు ఇంకెవరికో తప్పవు.

రూలు వచ్చేలోపు మారాలనుకునేవారికి నా అనుభవం నుంచి ఒకటి రెండు మాటలు. కొత్తది వచ్చి వారం నడిచాకే పాతదానికి ఫోన్ చేయండి, రెండు బిల్లులు పడితే పడనివ్వండి. కేబుల్ కంపెనీ ఇచ్చిన ఈమెయిల్ చిరునామా వాడుతుంటే ముందే వేరేదానికి మారిపోండి. కనెక్షన్‌తోపాటు నాది పోయింది, బ్యాంకు కబుర్లన్నీ దానికే వచ్చేవి. ఇంట్లో ఎన్ని టెలిఫోన్లుంటే అన్నిటికీ ఫిల్టర్ (ఫోన్ మాటనూ నెట్‌నూ వేరుచేసే చిన్న పరికరం) పెట్టండి. ఫోన్ మోగినప్పుడల్లా మా నెట్ పోయేది. రూటర్ మార్చమని కంపెనీవాళ్లతో వాదించాను కూడా. మూడోరోజు లైన్‌మన్ వచ్చి, వెనకగదిలో మేం మరిచిపోయిన పాత ఫోన్ ఒకటి ఫిల్టర్ లేకుండా ఉందని చూపించాడు. ఆ ఒక్క విషయంలో తప్పు నాదే.

పాత కేబుల్ మోడెమ్ తిరిగి ఇవ్వకపోతే దాని ధర వసూలు చేస్తామని ఉత్తరం వచ్చింది. తీసుకెళ్లమని మూడుసార్లు ఫోన్ చేశాను, ఎవరూ రాలేదు. అది ఇంకా మా ఇంట్లోనే ఉంది.

ఇట్లు,
ఒక పాఠకుడు